మైకు ముందు మౌనం

పోయిన వారం అమ్మ టీచరమ్మ చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పిందనీ, అది విని టీచరమ్మ కళ్ళజోడు తీసి అమ్మ ముఖంలోకి చాలాసేపు చూసిందనీ రాసి ఆపాను. అమ్మ ఏం చెప్పిందో అప్పటికి నాకూ తెలియదు.

ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మా ఊరికి ఒక చిన్న రేడియో ఉండేది. అందులో మాట్లాడేది మా అమ్మ. అద్దం అవతల గదిలో కూర్చుని మీటలు నొక్కేది అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆ అవతలి గదికి ఫోన్ వచ్చింది, పైనున్న జలాశయం గట్టు తెగిందని. మామయ్య ఆ కబురు అమ్మకి అందించాడు. అమ్మ చదివింది. గట్టు తెగలేదు. కానీ ఊరు ఊరంతా వంతెన వైపు పరిగెత్తింది. ఆ తొక్కిసలాటలో ప్రాణం పోయింది ఒక్కరికే. వంతెన అవతల బడిలో ఉన్న నన్ను తీసుకురావడానికి అందరికీ ఎదురు పరిగెత్తిన మా నాన్నకి.

అమ్మ గొంతు కాబట్టే నాన్న నమ్మాడు. ఇంకెవరు చదివినా, టీ పూర్తిగా తాగి తీరిగ్గా లేచేవాడు.

ఆ సాయంత్రమే ప్రసార నియంత్రణ మండలి మా రేడియో లైసెన్సు రద్దు చేసింది. నెల తిరక్కుండా మా రేడియో వినిపించే తరంగం ఒక పెద్ద కంపెనీ చేతిలో పడింది. మండలి ఛైర్మన్ ఎవరో కాదు, ఒకప్పుడు అమ్మతో కలిసి పాత రేడియో స్టేషన్లో పని నేర్చుకున్నాయన. గొంతు పట్టుబట్టలా మెత్తగా ఉంటుందని మా ఇంట్లో ఆయన్ని పట్టుగొంతు అంటారు. ఆ దొంగ ఫోన్ చేయించింది ఆయనేనని అమ్మ నమ్మకం. ఇప్పుడు ఆయన పదవి మళ్ళీ పొడిగించాలా వద్దా అన్నది శాసనసభ సంఘం ఒకటి కూర్చుని తేల్చాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని ప్రకటించారు. అందుకే రాజధానికి వచ్చాం. ఆ సంఘానికి పెద్ద ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన ఆవిడ. అందుకని ఆవిడ మాకు టీచరమ్మ.

"రుజువేముందమ్మా నీ దగ్గర?" అని టీచరమ్మ అడిగింది. రుజువేమీ లేదంది అమ్మ. ఆ తర్వాతే చెవి దగ్గరికి వంగింది.

* * *

విచారణ రోజు పొద్దున శాసనసభ క్యాంటీన్లో కూర్చున్నాం. గోడకి చేర్చి వేసిన బల్ల, ఒక కాలు కింద మడిచిపెట్టిన అట్టముక్క. అమ్మ టీ ముట్టుకోలేదు. మామయ్య తన టీ తాగేసి అమ్మదీ తాగుతున్నాడు. తాగుతూ మధ్యమధ్య ఏదో కూనిరాగం.

మామయ్యకి ఆ రాగం ఒక్కటే వచ్చు. రేడియోలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఎక్కువైతే అవతలి గదిలో గంట మోగేది. అది మోగగానే మామయ్య ఒక వేణువు ముక్క వేసేవాడు. అది ఆలోచన లేకుండా చెయ్యి దానంతటదే చేసేసే పని. రేడియో పోయినా ఆ అలవాటు పోలేదు. వ్యాను నడుపుతూ ఎవరూ మాట్లాడకపోతే చాలు, నోట్లో ఆ ముక్క మొదలవుతుంది. అన్నం తినేటప్పుడు కూడా అంతే.

"అక్కా, వ్యాను బయటే ఉంది" అన్నాడు మామయ్య గ్లాసు కింద పెట్టి. "ఇప్పటికైనా మించిపోయిందేం లేదు. పద పోదాం. అర్జీ ఇచ్చాం, వాళ్ళు తీసుకున్నారు. మిగిలింది వాళ్ళే చూసుకుంటారు."

"నీకు నిద్ర వస్తుంటే వ్యానులో పడుకో. నేను రాను."

"నిద్ర కాదే. అంత పెద్దవాడితో మనకెందుకు చెప్పు? ఆయన పదవి పోతే మన రేడియో వస్తుందా? బావ వస్తాడా?"

అమ్మ తలెత్తి మామయ్యని చూసింది. బస్టాండులో చిల్లర లేనివాళ్ళని కూడా అలాగే చూస్తుంది. రేడియో పోయాక ఎవరూ అమ్మని మైకు ముందు కూర్చోనివ్వలేదు. ఇప్పుడు బస్టాండులో టిక్కెట్లు చింపుతుంది. అద్దానికి చిన్న కన్నం. దాంట్లోంచి అమ్మ గొంతు బయటికి సరిగ్గా రాదు. ఒకాయన రోజూ పనిగట్టుకుని ఆ కన్నం దగ్గరికి వంగి, "ఈ బస్సైనా నిజంగా వస్తుందంటావా అమ్మా?" అని అడిగి పోతాడు. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. అమ్మ టిక్కెట్టు చింపి ఇస్తుంది.

"పదవి ఎవడిక్కావాలిరా" అంది అమ్మ. "వాడి గొంతు పోవాలి. వాడు నోరు తెరిస్తే జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాలి. నన్నెలా చేశాడో అలాగ. నేను చూస్తుండగా."

"అమ్మో" అన్నాడు మామయ్య నావైపు తిరిగి. "చూశావా చిట్టీ, మీ అమ్మ. ఈవిడ తమ్ముడిగా పుట్టడానికి నేనేం పాపం చేశానో. మీ ఇద్దర్నీ భరించలేకే నేను పెళ్ళి చేసుకోలేదు. మూడో ఆవిడ కూడా ఇలాగే తగిలితే?"

నేను నవ్వాను. నాకు మామయ్యంటే ప్రాణం. నాన్న పోయాక మా ఇంటి పైకప్పు రేకులు మార్చింది మామయ్య. నాకు సైకిల్ నేర్పింది మామయ్య. బడిలో ఎవరో పిల్ల నన్ను "అబద్ధాలావిడ కూతురు" అంటే, వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ పిల్ల వాళ్ళ నాన్నతో వీధిలో పడి దెబ్బలాడింది మామయ్య.

కానీ ఆ పొద్దున మామయ్య చెయ్యి గ్లాసు మీద ఊరికే ఉండటం లేదు. అది నేను చూశాను. పెద్దవాళ్ళ మధ్యకి వచ్చినందుకు భయపడుతున్నాడనుకున్నాను. నాకూ భయంగానే ఉంది. నేను కొత్తవాళ్ళ ముందు పేరు కూడా గట్టిగా చెప్పలేను.

నిజం చెప్పాలంటే నాకు భయం కన్నా ఇంకొకటి ఎక్కువగా ఉంది. పట్టుగొంతు ఓడిపోవడం నాకు చాలదు. ఓడిపోయేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలి.

* * *

విచారణ గది నేననుకున్నంత పెద్దది కాదు. గుర్రపు లాడం ఆకారంలో బల్ల. దాని చుట్టూ సంఘం సభ్యులు, మధ్యలో టీచరమ్మ. లాడం మూసుకోని వైపు ఒక్క కుర్చీ, దాని ముందు చిన్న బల్ల, మైకు. ప్రతి మైకు మెడ చుట్టూ గాజులాగా ఒక వలయం. అది ఎర్రగా వెలిగితే మైకు పనిచేస్తున్నట్టు. ఎవరి దీపం వెలగాలో, ఎవరిది ఆరాలో టీచరమ్మ చేతి కింద ఉన్న మీటలు చెబుతాయి. మూల అద్దాల గదిలో ఒకతను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ జరిగేదంతా శాసనసభ ఛానెల్లో అప్పటికప్పుడు వెళ్ళిపోతుందట.

మామయ్య ఆ అద్దాల గదినే చూస్తూ నడిచాడు. కుర్చీ కాలు తగిలి తూలాడు.

అర్జీదార్లకి గోడ వారగా రెండు వరసలు. ముందు వరసలో అమ్మ, నేను, మామయ్య. మాట్లాడకూడదు, లేవకూడదు, ఫోను తీయకూడదు అని మార్షల్ వేలు ఊపుతూ చెప్పి వెళ్ళాడు.

పట్టుగొంతు వచ్చి కూర్చున్నాడు. నేను ఆయన్ని చూడటం అదే మొదటిసారి. ఎందుకో పొడుగ్గా ఉంటాడనుకున్నాను. పొట్టి మనిషి. బూడిదరంగు కోటు, శుభ్రంగా దువ్విన జుట్టు. కూర్చోగానే మైకుని రెండు వేళ్ళతో పట్టుకుని నోటికి జానెడు దూరం జరుపుకున్నాడు. అచ్చం అమ్మలాగే. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత నోరు తెరిచాడు. ఆ గొంతు గురించి మా ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వినేవాళ్ళ భుజాలు వాటంతటవే కిందికి దిగిపోతాయి.

"గౌరవ సభ్యులందరికీ నమస్కారం. మండలి చేసిన ప్రతి పనికీ సమాధానం చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దాచడానికి మా దగ్గర ఏమీ లేదు."

సభ్యులు ఒకరి తర్వాత ఒకరు అడిగారు. తరంగాలు ఎవరెవరికి ఎందుకిచ్చారు, చిన్న స్టేషన్ల మీదే వేటు ఎందుకు పడుతోంది, పెద్ద కంపెనీల మీద వచ్చిన ఫిర్యాదులు ఏళ్ళ తరబడి ఎందుకు నానుతున్నాయి. ఆయన దేనికీ తడుముకోలేదు. ఏ సెక్షనో, ఏ నియమమో చెప్పి, చివర్న ఒక చిన్న జోకు వేసేవాడు. తెల్లజుట్టు సభ్యుడు ఒకాయన అయితే ప్రశ్న మానేసి, "చిన్నప్పటి నుంచి మీ వార్తలు వింటూ పెరిగానండీ" అన్నాడు.

"అబద్ధం" అంది అమ్మ పెదవి కదపకుండా. "ఆయన వీడికన్నా పెద్ద."

కుర్రసభ్యుడు ఒకాయన మా రేడియో సంగతి ఎత్తాడు. ఆ ఒక్కసారి పట్టుగొంతు మావైపు తిరిగాడు. ముఖం నిండా జాలి పులుముకున్నాడు.

"ఆ సోదరి ఇక్కడే ఉన్నారు. మేమిద్దరం కలిసి పనిచేశాం. ఆవిడ గొంతంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ మంచి గొంతు ఒక్కటీ ఉంటే చాలదు కదండీ? వచ్చిన కబురు నిజమో కాదో చూసుకోవద్దా? ఒక ప్రాణం పోయింది. ఎవరి ప్రాణమో ఆవిడకే బాగా తెలుసు."

గదిలో ఇద్దరు ముగ్గురు 'అయ్యో' అన్నారు. మా నాన్నని ఆయన తన బల్ల మీద కాగితం ఎగిరిపోకుండా పెట్టుకునే రాయిలా వాడుకుంటున్నాడు. అమ్మ మాత్రం కదల్లేదు. అమ్మ ఆయన్ని చూడటం లేదు. టీచరమ్మని చూస్తోంది.

టీచరమ్మ అంతవరకూ ఏమీ అడగలేదు. అప్పుడు గొంతు సవరించుకుంది.

"చట్టంలో ఒక మాట ఉంది. స్టేషన్ని రద్దు చేసే ముందు, తప్పు జరిగిందన్న ప్రసారం రికార్డుని మండలి విని తీరాలి. అవునా?"

"అవునండి."

"మీరు విన్నారా?"

"విన్నామండి."

ఎవరైనా ఇక్కడ 'సరే' అంటారు. లేదా ఇంకో ప్రశ్న వేస్తారు. పొద్దున్నుంచీ అలాగే నడిచింది. టీచరమ్మ ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసింది. పమిట చెంగుతో ఒక అద్దం తుడిచింది. పట్టుగొంతు మైకు చుట్టూ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఆయన చిన్నగా నవ్వి ఎదురుచూశాడు.

టీచరమ్మ రెండో అద్దం తుడవడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకు అర్థమైంది, అమ్మ ఆవిడ చెవిలో ఏం చెప్పిందో.

అమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పిన కథ ఇది. అమ్మకీ పట్టుగొంతుకీ పని నేర్పింది ఒక పెద్దాయన. ఆయన అన్ని తప్పులూ క్షమించేవాడట. మాట తడబడినా, పేరు తప్పు చదివినా, ఒకసారి అమ్మ మైకు ముందు తుమ్మినా. ఒక్క తప్పు మాత్రం క్షమించేవాడు కాదు. ఎర్రదీపం వెలిగి ఉండగా నోరు మూసుకోవడం. "దీపం వెలుగుతుంటే మాట ఆగకూడదు. ఆగితే ఊళ్ళలో జనం స్టేషన్ పోయిందనుకుంటారు. ఏం మాట్లాడతావో నాకు అనవసరం, మాట్లాడు" అని పెన్సిలుతో బల్ల మీద కొట్టేవాడట. ఆగితే ఆ రోజు జీతం కోత, మర్నాడు అందరి ముందూ నిలబడి సంజాయిషీ. ఏళ్ళ తరబడి అలా నేర్పితే అది చదువులా కాకుండా ఒంట్లో భాగమైపోతుంది. దీపం వెలుగుతుండగా నిశ్శబ్దాన్ని ఆ స్టేషన్లో పనిచేసిన మనిషి ఎవరూ భరించలేరని అమ్మ అనేది. కాలు కింద నిప్పు పెట్టినట్టు ఉంటుందట.

అమ్మ దగ్గర రుజువు లేదు. ఆ మనిషి మాత్రం తెలుసు.

పట్టుగొంతు కాగితాలు సర్దుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసు ముట్టుకుని వదిలేశాడు. చూపు ఒకసారి ఎర్రదీపం మీదికి, ఒకసారి అద్దాల గదిలోకి వెళ్ళింది.

"పూర్తిగా విన్నాం" అన్నాడు.

టీచరమ్మ కళ్ళజోడు వెలుతురు వైపు ఎత్తి చూసి, ఇంకా మరక ఉన్నట్టు మళ్ళీ తుడిచింది. సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. కుర్రసభ్యుడు నోరు తెరవబోతే టీచరమ్మ అరచెయ్యి ఎత్తి ఆపింది.

"అంటే... మండలి అంటే నేనొక్కడినే కాదు కదండీ. మా సిబ్బంది విన్నారు. విని ఉంటారు."

ఎక్కడో కుర్చీ కిర్రుమంది. మామయ్య మోకాలు ఆడుతోంది. అది నా మోకాలికి తగులుతోంది.

"ఆ రోజు పరిస్థితి మీకు తెలియనిది కాదు" అన్నాడు పట్టుగొంతు. గొంతులో పట్టు ఇంకా ఉంది, కానీ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "సాయంత్రం లోపల ప్రకటన వెళ్ళాలి. ఊరంతా అల్లకల్లోలం. అలాంటప్పుడు రికార్డు తెప్పించి, విని, చర్చించి... అది కుదిరే పనేనా? పైగా తీర్మానం పొద్దున్నే టైపు చేసి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సాయంత్రానికి ఎలా..."

ఆగిపోయాడు.

అద్దాల గదిలో మనిషి హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తీసి తలెత్తాడు.

"పొద్దున్నా?" అన్నాడు కుర్రసభ్యుడు. "గట్టు తెగిందని చదివింది మధ్యాహ్నం కదండీ!"

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. తీరిగ్గా, ఒక చెవికి, తర్వాత రెండో చెవికి.

"చెప్పండి. నేను ఆపమనలేదే" అంది.

ఎవరో నవ్వారు. తెల్లజుట్టు సభ్యుడే. తర్వాత ఇంకొకరు. పట్టుగొంతు ఏదో అన్నాడు, 'పొరపాటున' అనో 'వేరే విషయంలో' అనో. కానీ ఆ గొంతు అప్పటికే మారిపోయింది. పాత రేడియోలో బ్యాటరీ అయిపోతున్నప్పుడు వచ్చే గొంతులా ఉంది. అమ్మ కోరుకున్నది సరిగ్గా ఇదే. ఆయన నోరు తెరుస్తుంటే జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేను కళ్ళు ఆర్పకుండా చూశాను. ఒక్క ముక్క కూడా వదులుకోదలుచుకోలేదు. పైపెదవి మీద చెమట. కోటు కాలరు తడి. వేళ్ళు మైకు కోసం వెళ్ళి, దాన్ని ముట్టుకోకుండా వెనక్కి రావడం. 'నాన్నా, చూడు' అనుకున్నాను.

ఆయన సాయం కోసం వెతుకుతున్నట్టు గది చుట్టూ చూశాడు. చూపు అమ్మ దగ్గర ఆగింది.

అమ్మ రెండు చేతులూ ఎత్తి ఉంచింది. ఛాతీ దగ్గర, వేళ్ళు కొసలు కలిపి, మెల్లగా దూరంగా లాగుతోంది. కనిపించని రబ్బరుని సాగదీస్తున్నట్టు. అది స్టూడియో భాష. అద్దం ఇవతల ఉన్నవాళ్ళకి మాట వినపడదు కాబట్టి అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. దాని అర్థం, 'ఇంకా టైముంది, సాగదియ్యి'. పట్టుగొంతు వార్తలు ముందే అయిపోయి తెల్లముఖం వేసినప్పుడల్లా, అద్దం అవతల నిలబడి అమ్మ ఆ సైగ చేసి ఆయన పరువు కాపాడేదట.

ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

"నువ్వా" అన్నాడు. దీపం వెలుగుతోందని మర్చిపోయాడు. ఆ మాట గది అంతా వినపడింది. "నువ్వు చెప్పావా ఈవిడకి?"

అమ్మ చేతులు ఇంకొంచెం దూరం లాగింది.

"ఎవరితో మాట్లాడుతున్నారు మీరు? ఇటు చూడండి" అంది టీచరమ్మ.

పట్టుగొంతు ఆవిడ వైపు తిరగలేదు. చాలాసేపు అమ్మనే చూశాడు. తర్వాత ఆయన చూపు అమ్మ మీంచి నా మీదికి, నా మీంచి మామయ్య మీదికి వచ్చింది. ఎందుకో అప్పుడు ఆయన భుజాలు నిటారుగా అయ్యాయి. గొంతులోకి పట్టు తిరిగొచ్చింది.

"సరేనండీ. తీర్మానం పొద్దున్నే తయారైంది. ఒప్పుకుంటున్నాను. నా పదవి ఇక్కడితో సరి, అది నాకు తెలుసు. కానీ మధ్యాహ్నం ఏం జరగబోతోందో పొద్దున్నే నాకు ఎలా తెలుస్తుంది? చెప్పినవాళ్ళు ఉండాలి కదా? ఈ సోదరి నాలుగేళ్ళుగా ఒకటే పాట పాడుతున్నారు, ఆ ఫోన్ నేను చేయించానని. నన్నడిగితే ఏం లాభం? ఆ ఫోన్ ఎత్తిన మనిషిని ఎప్పుడైనా అడిగారా ఆవిడ?"

అమ్మ చేతులు గాలిలో ఆగిపోయాయి.

"సూటిగా చెప్పండి. మీకు ముందే చెప్పింది ఎవరు?" అంది టీచరమ్మ.

పట్టుగొంతు మైకుని రెండు వేళ్ళతో పట్టుకుని తన నోటి నుంచి దూరంగా జరిపాడు. కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. పెదవులు మూసుకున్నాడు. చూపు మా వరస మీంచి తీయలేదు.

ఎర్రదీపం వెలుగుతోంది.

ఎవరూ మాట్లాడలేదు. టీచరమ్మ కూడా. ఇది ఆవిడ పెట్టిన నిశ్శబ్దం కాదు. ఆయన పెట్టింది. పాఠం అప్పుడే తిరిగి అప్పజెప్పినట్టు పెట్టాడు. అది గదిలో ముందుకు జరుగుతూ, బల్ల దాటి, మార్షల్ని దాటి, మా కుర్చీల దగ్గరికి వచ్చి ఆగింది.

నాకు పక్కనుంచి చిన్న శబ్దం వినిపించింది. టక్, టక్. మామయ్య కుడిచేతి బొటనవేలు కుర్చీ చేతి మీద నొక్కుతోంది. ఒకేచోట, మళ్ళీ మళ్ళీ, అక్కడ ఒక మీట ఉన్నట్టు. నొక్కగానే వేణువు మొదలవుతుందన్నట్టు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కూనిరాగం రావడం లేదు. చెంప మీద నుంచి చెమట చుక్క జారి కాలర్లోకి పోయింది.

"మామయ్యా" అన్నాను. అది నోట్లోంచి బయటికి వచ్చిందో లేదో నాకే తెలియదు.

ఇంకొంచెం సేపు ఎవరైనా దగ్గినా బాగుండేది. కుర్చీ కిర్రుమన్నా బాగుండేది. ఏమీ లేదు. అమ్మ చెప్పింది నిజం. దీపం వెలుగుతుండగా వచ్చే నిశ్శబ్దాన్ని ఆ మనుషులు భరించలేరు. అమ్మ ఒక్క సంగతి మర్చిపోయింది. అవతలి గదిలో గంట మోగినప్పుడల్లా దాన్ని ఆపడానికి పరిగెత్తింది ఎవరో మర్చిపోయింది.

మామయ్య లేచి నిలబడ్డాడు.

"కూర్చో, కూర్చో" అంటూ మార్షల్ రెండు అంగల్లో వచ్చాడు. మామయ్యకి అతను కనిపించలేదు. టీచరమ్మ కనిపించలేదు. పట్టుగొంతు కూడా కనిపించలేదనుకుంటాను. అమ్మ ఒక్కతే కనిపించింది.

"అక్కా" అన్నాడు. "ఆ రోజు ఫోన్ రాలేదే."

అమ్మ తల తిప్పి చూసింది. చేతులు ఇంకా అలాగే ఉన్నాయి, ఛాతీ ముందు, ఒకదానికొకటి దూరంగా. వాటిని ఎలా దించాలో అమ్మకి తెలియనట్టుంది.

"రాలేదక్కా. ఎవరూ చెయ్యలేదు. నేనే..."

మార్షల్ మామయ్య భుజం పట్టుకున్నాడు.

"వదలండి అతన్ని" అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు. "మైకు ఆయన ముందుకి జరపండి."

ఎవరో వైరు లాక్కుంటూ వచ్చి, నా మోకాళ్ళ మీదుగా మైకుని మామయ్య ముందు నిలబెట్టారు. టీచరమ్మ వేలు కదిలింది. పట్టుగొంతు ముందున్న దీపం ఆరిపోయింది.

మా ముందున్నది వెలిగింది.